తూక్కు

సుంకురామ శెట్టి వీధి మలుపులో
హైకోర్టు ఎర్రగోడ నీడ
పదకొండింటికల్లా జారుకుంటుంది.
ఆ తర్వాత గొడుగే నాకు కప్పు.
పేజీకి ఇరవై.
తెలుగులో చెబితే ఇంగ్లీషు చేసినందుకు ఇంకో పది.

సూళ్లూరుపేట నుంచి మొదటి బండికి వచ్చింది చెంగమ్మ.
కొంగున కట్టిన తీర్పు కాగితం
చెమటకి ముద్దయిపోయింది.
"మా పెంచలయ్యకి ఉరి ఏసేశారంట,
అర్జీ రాయి నాయనా."
"వేస్తారట అమ్మా, ఇంకా వెయ్యలేదు" అన్నాను.
క్రియాపదం సరిదిద్దినందుకు
ఆమె నాకు దణ్ణం పెట్టింది.

క్షమాభిక్ష.
మన మాటలో జోలె ఉంది, చాచిన చెయ్యి ఉంది,
గుమ్మం బయట కాళ్లు కాలే ఎండ ఉంది.
ఇంగ్లీషులో ఐదక్షరాలు.
నా మిషన్లో మూడో అక్షరానికి కాలు విరిగింది.
మెర్సీ ఎప్పుడు కొట్టినా
కాగితం మీద కుంటుతూనే పడుతుంది.

టీ కొట్టు దగ్గర జూనియర్లు వాదించుకుంటున్నారు,
నల్లకోట్లు భుజాన వేసుకుని.
"తీర్పు తప్పయితే పీనుగ అప్పీలుకెళ్తుందా?"
అంటాడు సుందరవదనం.
"చచ్చినవాడు మాత్రం వెళ్లాడా?"
అంటుంది తులసీబాయి.
"ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు
తాడుకెప్పుడూ పేదోడి మెడే దొరుకుతుందే!"
"ఏకాంబరం ఎవరు మరి, జమీందారా?
కొరుక్కుపేట గోడౌన్లో రాత్రి కాపలా,
నెలకి తొమ్మిది వేలు."
ఇద్దరి చిల్లరా ఒకే డబ్బాలో వేసుకున్నాడు
గ్లాసులు కడిగే కుర్రాడు.
నాకు ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే నిజమనిపిస్తుంది.
టైపు కొట్టి కొట్టి వచ్చిన జబ్బు ఇది.

బుధవారం ఏకాంబరం భార్య వచ్చింది.
కన్నియమ్మ. ఎవరో వకీలు పంపించాడట,
వాణ్ని క్షమించకూడదని రాయించుకోమని.
కాగితం ఎక్కించి కూర్చున్నాను.
ఆమె వాడి మాట ఎత్తలేదు.
తూక్కు మాట ఎత్తింది.

అరవంలో తూక్కు అంటే ఉరి.
తూక్కు అంటే ఎత్తుకోమని కూడా,
చంటిది రెండు చేతులూ చాపి అడిగేది.
తూక్కు అంటే పిడి ఉన్న మూతగిన్నె,
కూలికెళ్లేవాళ్లు అన్నం పట్టుకెళ్లేది.
ఆ రాత్రి ఏకాంబరం చేతిలో ఉన్నది
ఆ మూడోదే.
నంబరు చీటీ కట్టి
ఆరేళ్లుగా కోర్టు బీరువాలో పెట్టారట.

"తిన్నాక పొడిచాడో, తినకముందో.
చివర్లో ఆయన ఏమన్నాడో,
నన్ను పిలిచాడో, నీళ్లడిగాడో,
చెప్పగలిగినవాడు లోకంలో వాడొక్కడే కదయ్యా.
వాణ్ని తూక్కులో వేస్తే ఆ మాట కూడా పోతుంది.
వెయ్యకపోతే పుళల్ జైల్లో వాడు
మూడు పూటలా తింటాడు.
రెండూ తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.
నువ్వు ఇంకేదైనా రాయి."

ఇంకేదైనా అంటే
నా మిషనుకి ఏం తెలుసు?
కార్బన్ కాగితం వెలుగుకి ఎత్తి చూశాను.
ఉన్నది అదొక్కటే, మొన్న చెంగమ్మకి వాడింది.
ఒక్కడే కొడుకు అన్న మాట
సూది గుచ్చినట్టు చిల్లులుగా కనిపించింది.
దాని మీదే ఇప్పుడు ఈమె పేరు పడాలి.

చాలాసేపటికి ఆమే అంది:
"ఆ తూక్కు నాకు తిరిగి ఇప్పించమని రాయి.
ఆరేళ్లయింది, తోమాలి."

గవర్నరు గారి సముఖానికి, అని కొట్టాను.
ఆమె మాట ఆమె మాటగానే ఉంచుదామని
తూక్కు అని కొట్టబోయి
వేలు గాల్లో ఆపేశాను.
తూక్కు ఇప్పించండి, అని ఈమె సంతకంతో పైకి వెళితే
చదివేవాడు
ఏ తూక్కు అనుకుంటాడు?

ఎండ ఆమె నడినెత్తిన ఉంది.
గొడుగు కాస్త అటు వంచాను.